ఆనకట్ట కింద బాంబు, ధర్మవరంలో సంబంధం

ముందే చెప్తాండా, నేను ఇంతవరకు కోడిని గూడా కోసిన మనిషిని కాదు. మా ఇంట్లో ఆ పని మా అమ్మది. ఆమె కత్తిపీట తీస్తానే నేను కొత్తిమీర తెస్తానని బజారుకు పారిపోతా. అట్లాంటి నన్ను చూసి మొన్న ధర్మవరంలో ఒక వీధి వీధంతా అరుగుల మీద నుంచి లేచి నిలబడింది. ఎందుకు లేచినారో నాకి తెలిసేలోపల నా పెండ్లి కుదిరె, తెలిసినాక తప్పిపాయె. టీ చెప్పండి, మొదటి నుంచి చెప్తా.

నేను హిందూపురంలో ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కల సారును గదా. ఎండాకాలం సెలవులంటే పిల్లోళ్ళకే సెలవులు. సార్లు మాత్రం ఎండలో ఇల్లిల్లూ తిరిగి, మీ వాన్ని మా స్కూల్లోనే చేర్పించండమ్మా అని బతిమాలుకోవాల. దానికి క్యాన్వాసింగ్ అని గొప్ప పేరు. ఈ ఏడు నేను మోకాలు నొప్పి అని చెప్పి ఎగ్గొట్టినా. కారణం మా డేవిడ్. మా స్కూల్లోనే సైన్సు సారు. ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు, మిగతా వారమంతా నన్ను చెడగొడతాడు. వాడు బెంగళూరు పోయి, ఫుట్‌పాత్ మీద ఒక గేమ్ డీవీడీ కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టినాడు. "సీనా, ఇది మామూలు గేమ్ కాదురా. పెద్ద లోకం. యాడికన్నా పోవచ్చు, ఏమన్నా చేయొచ్చు" అన్నాడు.

ఏమన్నా చేయొచ్చు అని నాకి ఎవరూ అంతవరకు చెప్పి ఉండల్యా. కూకున్నా.

ఆ గేమ్‌లో ఏదో పెద్ద యుద్ధం అయిపోయి లోకం నాశనమయిపోయింటాది. వానలు లేవు, నీళ్ళు లేవు, యాడ జూసినా బండలు, ముండ్ల కంపలు, దావ పక్కన తుప్పు పట్టిన లారీలు. ఆ గేమ్ చేసిన దేశాల్లో చూసేటోళ్ళకు గుండె ఝల్లుమంటుందేమో. నేను మాత్రం, వీళ్ళు చెన్నేకొత్తపల్లి దాటినాక హైవే పక్కన కెమెరా పెట్టి తీసినారేమో అనుకున్నా. మా అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటా ఒగసారి తొంగి చూసి, "ఇది యా ఊరు రా? చేన్లన్నీ ఎండిపోయినాయే. వీళ్ళకీ వాన రాల్యానా ఈ ఏడు?" అని జాలిపడె.

కథ చెప్తా వినండి. మీ అన్న తప్పిపోయినాడు, ప్రాణం మీదికొచ్చిండాది, బిరీన పోయి ఎతుకు అని మొదట్లోనే ఒక ముసలాయన కండ్ల నీళ్ళు పెట్టుకుంటాడు. సరే పాపమని బయలుదేరినా. దావలో ఒక ఇల్లు. ఎవరింట్లోకన్నా పోవచ్చు, ఎవరి పెట్టెలన్నా తెరవచ్చు. తెరిస్తే లోపల గరిటె. తీసుకున్నా. పక్కింట్లో ఇంకో గరిటె, ఒక ఒంటి చెప్పు. అవీ తీసుకున్నా. అన్న యాడ ప్రాణాలు బిగబట్టుకోని ఉండాడో గానీ, తమ్ముడు మాత్రం ఎండాకాలం సగం గరిటెలు ఏరినాడు. బరువు ఎక్కువైతే మనిషి పరిగెత్తలేడు, ఏదో ఒకటి పారేయాల. నాకి మనసొప్పదు. తోడేళ్ళు తరుముకుంటా వస్తాంటే గూడా గరిటెలన్నీ మోసుకుంటా నిమ్మళంగా నడుస్తా చచ్చిపోతాంటి.

ఇంకో చోట ఒక ముసలామె సగం గోడలో ఇరుక్కోని ఉంటాది. అది కథ కాదు, కంపెనీ వాళ్ళ పొరపాటు. గోడలో నుంచే "నాయనా, రొంత నీళ్ళు తెచ్చియ్యవా" అంటాది. తెచ్చిస్తే చెయ్యి బయటికి రాదు. మళ్ళీ అదే మాట. నేను ఆమె కోసం పడిన పాట్లు మా అవ్వ కోసం పడింటే ఆస్తి నా పేరున రాసింటాది.

ఇంగ నీళ్ళ కోసం కొట్టుకునే రెండు గుంపులుంటాయి. ఇటు చేరితే అటోళ్ళు కాలుస్తారు. అటు చేరితే ఇటోళ్ళు కాలుస్తారు. నాకెందుకని గమ్మునుంటే ఇద్దరూ కాలుస్తారు. దీన్ని ఇంటర్నెట్‌లో బో లోతైన రాజకీయమని పొగిడినారంట. మా వీధి కొళాయి కాడికి రోజూ బిందె తీసుకోని పొయ్యేటోనికి అందులో లోతేమీ కనపడల్యా.

ఈ లోకంలో కరెంటు పాయె, ఆ లోకంలో ఎప్పుడో పాయె. రెండు చీకట్ల మధ్య యట్లో ఒకట్ల ఆడుకుంటా ఆడుకుంటా చివరికొచ్చినా. చివర్లో అవతల గుంపుకు పెద్ద ఎవరనుకుంటిరి? తప్పిపోయిన మా అన్నే. పెద్ద ఆనకట్ట మీద కూకోని నీళ్ళన్నీ ఆపుకోనుండాడు. అప్పుడు మనల్ని అడుగుతారు, ఏం చేస్తావు అని. నీళ్ళు ఊర్లన్నిటికీ పంచొచ్చు. బాగానే ఉండాది. కానీ పంచాలంటే ఊరూరూ తిరిగి పెద్దమనుషుల్నందర్నీ ఒప్పించుకోని రావాల. ఆ ఎండలో అంత తిరుగుడు ఎవడు పడతాడని, ఫ్యాను కింద కుర్చీలో కూకోని, ఆనకట్ట కింద బాంబు పెట్టేసినా.

ఇదంతా నడుస్తాండగానే మధ్యలో ఒగనాడు పెనుకొండలో పెండ్లిచూపులు. మా అమ్మ తమ్ముడు, మా చిన్నమామ ఉండేది ఆడనే. ఆయప్ప తెచ్చిన సంబంధం. పిల్ల పేరు సుజాత. ధర్మవరం. చీరల అంచులకు డిజైన్లు గీస్తాది. నేను ఏదో ఒకటి మాట్లాడాల గదా అని, "చతురస్రాల కాగితం మీద గీస్తారా, అయితే అది కూడా లెక్కలే" అన్నా. ఆయమ్మ నవ్వి, "మీరు నెమలిని ఎప్పుడన్నా కూడికలతో గీసినారా సార్?" అనె. అంతే. నేను ఆ పొద్దు నుంచి మనిషిని కాదు. బస్సులో ఇంటికొస్తా దావ పొడుగునా, నెమలికి ఎన్ని గళ్ళు పడతాయో లెక్కేసుకుంటా వచ్చినా. గేమ్ ఆడతాన్నా సుజాతే, తోడేళ్ళు కరుస్తాన్నా సుజాతే. ఈ సంబంధం కుదరకపోతే ఇంగ పెండ్లే వద్దని మా అమ్మకు చెప్పేసినా.

వాళ్ళ నాయన మాత్రం నా పక్క సరిగా చూడల్యా. పెద్ద మీసాల మనిషి. మగ్గాలుండాయి, బత్తలపల్లి కాడ చేనుండాది. "లెక్కల సారా" అని ఒక మాదిరిగా దీర్ఘం తీసి, "విచారించుకోని చెప్తాం" అనేసి లేచినాడు.

విచారణ అంటే మన పక్క యట్లుంటాదో మీకు చెప్పాల్సిన పనిల్యా. చెప్పి రారు. పిల్ల తరఫు మనిషి ఒకడు వస్తాడు, మంగలి షాపులో అడుగుతాడు, కిరాణా అంగడిలో అడుగుతాడు, టీ కొట్టులో గంట కూకుంటాడు. వాడు తాగుతాడా, జూదమాడతాడా, అప్పులుండాయా అన్నీ కనుక్కోని గమ్మున బస్సెక్కి పోతాడు. మనకి తెలిసేలోపల మన జాతకం ఇంకో ఊర్లో ఉంటాది.

నేను గేమ్ ముగించిన పొద్దే డేవిడ్‌ను టీకి పిలిచినా. అంత పెద్ద గేమ్ ముగిస్తే ఎవరికో ఒకరికి చెప్పకపోతే అరగదు. టీ కొట్టులో పక్క బెంచీ మీద ఒక పెద్దమనిషి, భుజాన తువాలు, ఉగ్గాని బజ్జీ తింటాండాడు. మనకేం తెలుసు.

"అయిపాయెనా?" అన్నాడు డేవిడ్.

"అయిపాయె. బాంబు పెట్టేస్తి. కట్ట తెగి ఊరు ఊరంతా కొట్టుకోనిపాయె."

"మరి మీ అన్న?"

"అన్నను ముందే యేసేస్తి. అవతల గుంపుకు పెద్ద ఆయప్పే గదా. యేసెయ్యకపోతే కట్ట కాడికి దావ యాడిది?"

పక్క బెంచీ మీద బజ్జీ నోటికి పోకుండా మధ్యలో నిలబడె. నేను చూసినా గానీ, బజ్జీలో కారం ఎక్కువైందేమో అనుకున్నా.

"ఒక్కనివే పోతివా?"

"ఒక్కన్నే. తోడుకు ఎవర్నన్నా తీసుకపోతే కాళ్ళకు అడ్డం పడతారు."

"గోడలో ముసలామె?"

"అట్లే ఉండనీ అని ఇడిసేసొస్తి. ఎన్నిసార్లని నీళ్ళిచ్చేది?"

డేవిడ్ టీ చప్పరించి, "మళ్ళీ మొదలు పెడతావా?" అన్నాడు.

"రొంత విశ్రాంతి తీసుకోని" అన్నా నేను, కాలు మీద కాలేసుకోని. "ఈసారి మంచితనంగా చేద్దామనుకుంటాండా."

తువాలు పెద్దమనిషి లేచి, మా టీలకు గూడా తానే దుడ్లిచ్చి, నా పక్క తలొంచి ఒక నమస్కారం పెట్టి పోయినాడు. లెక్కల సారుకు ఇంగా మర్యాద ఉండాది ఈ ఊర్లో అనుకోని ఇంటికొచ్చి హాయిగా పడుకున్నా.

రెండు మూడు దినాలకే చిన్నమామ సెల్లుకు ఫోన్ చేసినాడు. "ఏం మంత్రమేసినావు రా? ధర్మవరం వాళ్ళే ఎదురు ఫోన్ చేసినారు. బిరీన పంపియ్యండి, ఇట్లాంటి పిల్లోడే మాకి కావాల అంటాండారు."

నేను ఇంట్లో గంతులేసినా. మా అమ్మ, మోకాలు నొప్పి అంటివే అనె. తగ్గిపాయెలే అన్నా.

ఆదివారం ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు. పెనుకొండలో మామను ఎక్కించుకోని ధర్మవరంలో దిగితిమి. ఆ వీధిలోకి అడుగు పెడతానే అరుగుల మీదోళ్ళు ఒకరెనక ఒకరు లేచినారు. బీడీ తాగేటోడు బీడీ దాచినాడు. ఇండ్లల్లో మగ్గాల చప్పుడు గూడా ఆగిపాయె. మామ నా చెవిలో, "నీ మాదిరి సార్లకు ఈడ బో మర్యాద ఉన్నట్లుండాది రా" అన్నాడు. నేను కాలరు సర్దుకున్నా.

ఇంట్లో పెద్ద కుర్చీ ఏసినారు. సుజాత వాళ్ళ మేనత్త పళ్ళెంలో మామిడిపండ్లు, కత్తి పెట్టి తెచ్చి నా ముందర పెట్టింది. సుజాత నాయన గబుక్కున లేచి ఆ కత్తి తీసేసి, "లోపల కోసుకోని తీసుకరా పో" అని ఆయమ్మను కసురుకున్నాడు. అల్లునికి పండ్లు కోసుకునే శ్రమ గూడా ఇయ్యకూడదని అనుకుంటాండాడని నా కండ్లలో నీళ్ళు తిరిగె. తలుపు సందులో సుజాత కనపడింది. నవ్వల్యా. మొగం వాడిపోయి ఉండాది. సిగ్గు అనుకున్నా.

ఆయప్ప గొంతు సవరించుకోని, "నాయనా, నీ సంగతులన్నీ మాకి తెలిసినాయి" అన్నాడు.

డేవిడ్ గాడు గేమ్ పిచ్చి గురించి చెప్పేసినట్లుండాడని నాకి చెమట పట్టె. తలొంచుకోని, "అది సెలవుల్లో మాత్రమే మామా" అన్నా. అప్పుడే మామా అనేసినా చూడండి.

"సెలవుల్లోనా?" ఆయప్ప గుటక మింగినాడు. "మిగతా దినాల్లో?"

"మిగతా దినాల్లో స్కూలు ఉంటాది గదా. టైం దొరకదు."

"మాకేం అభ్యంతరం లేదు" అన్నాడాయప్ప, నుదురు తుడుచుకుంటా. "మొగోడన్నాక ఏదో ఒకటి ఉంటాది. పెండ్లయినాక మానేస్తే చాలు."

"మానేస్తా మామా. మొన్ననే ఒకటి ముగించినా. ఇంగ చాలనిపించింది."

లోపల ఏదో చెంబు కిందపడె. మా చిన్నమామ మాత్రం, ఎంత బుద్ధిమంతుడు చూడండి అన్నట్లు అందరి పక్కా చూసి నవ్వుతాండాడు.

అన్నాలు తిన్నాక ఆయప్ప, "రొంత మా చేను చూసొద్దాం పా" అన్నాడు. కాబోయే అల్లునికి ఆస్తి చూపిస్తాండారని సంతోషంగా జీపెక్కినా. చిన్నమామ గూడా ఎక్కి, ఎనక సీట్లో కునుకు తీసె. బత్తలపల్లి దాటి చేను కాడ దిగితే, బోరు పక్కన నన్ను నిలబెట్టి, "నువ్వేం మాట్లాడొద్దు నాయనా. ఊరికే నిలబడు. చాలు" అన్నాడు. ఫోటో తీస్తారేమో అనుకోని నవ్వు మొగం పెట్టినా.

ఫోటో కాదు. గట్టు అవతల నుంచి ఒక ముసలాయన, ఎనకాల నలుగురు కొడుకులు వస్తాండారు. ముసలాయన వీళ్ళకు దాయాది. బోరు ఎవరి గట్టులో ఉండాదని ఏండ్ల తరబడి కొట్లాడుకుంటాండారంట. పెద్ద కొడుకు చేతిలో గడ్డపార. సుజాత నాయన ఒక అడుగు నా ఎనక్కి ఏసి, గొంతు పెంచి, "ఇదిగో మా అల్లుడు. హిందూపురం. కట్ట పేల్చి ఊరు ఊరంతా లేపేసినోడు. సొంత అన్నను గూడా చూడల్యా. ఇంగ నీ ఇష్టం" అన్నాడు.

అప్పుడు వెలిగిందప్పా నాకి. బజ్జీ, నమస్కారం, బీడీ, కత్తి, చెంబు, అన్నీ ఒగేసారి వెలిగినాయి.

మీరు నమ్మండి, నమ్మకపోండి, ఒక క్షణం గమ్మునుందామనుకున్నా. నోరు మూసుకుంటే సుజాత నాది. ఊరికే మీసం మీద చెయ్యేసుకోని నిలబడితే చాలు. మీసం లేదు గానీ చెయ్యి పైకెత్తినా. అంతలో ఆ పెద్ద కొడుకు గడ్డపార భుజానికెత్తుకోని దగ్గరికొచ్చి, "యా ఊరప్పా నువ్వు లేపేసింది?" అన్నాడు.

గడ్డపారను అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడల్యా. "గేమ్ అన్నా" అన్నా. "కంప్యూటర్ గేమ్. నేను లెక్కల సారును. కోడిని గూడా కోయలేనన్నా, మా అమ్మను అడగండి."

నేను మాత్రం ఆగల్యా. యుద్ధం కాడ మొదలుపెట్టి, గరిటెలు, ఒంటి చెప్పు, తోడేళ్ళు, గోడలో ముసలామె, అన్నీ నడిచేన్లో నిలబడి వరసగా అప్పజెప్పినా. గడ్డపార మెల్లగా కిందికి దిగె. ఆ పెద్ద కొడుకు బెంగళూర్లో కంపెనీలో పని చేస్తాడంట, ఎండాకాలం ఇంటికొచ్చినాడు. "గోడలో ముసలామె నీకూ ఇరుక్కునిందా?" అన్నాడు. "నాకీ అంతే. ఇంతకీ ఆనకట్ట కాడికి దావ యాడ? నేను ఆడనే ఆగిపోయిండా."

గడ్డపార మొనతోనే మట్టిలో గీసి చూపించినా.

దాయాది ముసలాయన ముందు అర్థం కాక చూసినాడు. చిన్న కొడుకు చెవిలో చెప్తానే గట్టు మీద కూలబడి నవ్వేకి మొదలుపెట్టె. "నన్ను బెదిరించేకి పిల్లోళ్ళకు ఎక్కాలు చెప్పే సారును పట్టుకొస్తివా అప్పా?" అని పొట్ట పట్టుకోని నవ్వుతాండాడు. సుజాత నాయన మీసాలు అదిరె, ఆపుకోవాలని చూసె, కాల్యా, ఆయప్పా నవ్వె. ఒకరి మొగం ఒకరు చూడని మనుషులు ఆ పొద్దు ఒకే గట్టు మీద కూకోని నన్ను చూసి నవ్వినారు. బోరు సంగతి వచ్చే వారం కూకోని మాట్లాడుకుందామనుకున్నారు.

ఇంత మేలు చేసినాక నాకి ధైర్యమొచ్చె. హంతకున్ని కానని తేలిపాయె, ఊరికి మంచీ జరిగె, ఇంగ సుజాతకు అడ్డమేముండాది? జీపులో ఆయప్ప పక్కనే కూకోని, "ఇంగ ముహూర్తం..." అని మొదలుపెట్టినా.

ఆయప్ప దావ పక్క చూస్తా, "ఆ ఆట ఎన్ని దినాలు ఆడినావు?" అన్నాడు.

"ఎండాకాలమంతా మామా."

"కుర్చీలో కూకోనా?"

"కూకోనే గదా ఆడేది."

ఆయప్ప బస్టాండు కాడ జీపు ఆపి, నా భుజం మీద చెయ్యేసినాడు. కోపం ల్యా. బాధగానే చెప్పినాడు.

"చూడు నాయనా. హంతకునికి ఇస్తావా అని మా పిల్ల మూడు దినాలు అన్నం తినల్యా. ఏం కాదమ్మా, కష్టపడే మనిషి, ఒక్కడే పోయి అంత పని చేసొచ్చినాడు, పెండ్లయితే మారతాడని నేనే నచ్చజెప్పి ఒప్పిస్తి. ఇప్పుడు పోయి, అదేం లేదమ్మా, ఎండాకాలమంతా ఊరికే కూకోనుండాడంట అని చెప్తే, ఏం జెప్పి ఒప్పించేది నేను?"

నేను లెక్కల సారును గదా. ఆయప్ప చెప్పిన దాంట్లో తప్పు యాడుండాదో పట్టుకుందామని పెనుకొండ దాకా బస్సులో ఎతుకుతా వచ్చినా. దొరకల్యా.